ఒడుగుల పుండు: మానే రంగు, చెడే రంగు

సున్తీ జరిగిన రెండో రోజో మూడో రోజో కట్టు విప్పగానే ఇంట్లో మొదలయ్యే గొడవ రంగు గురించే. ఎర్రగా కమిలిపోయిందని తల్లి అంటుంది. పసుపుపచ్చగా చీము పట్టిందని జేజి అంటుంది. అంచున ఏదో నల్లగా ఉందే అని మేనమామ ఫోన్ టార్చి వేసి మరీ చూస్తాడు. ముగ్గురు చూసిందీ నిజమే. ఎరుపూ పసుపూ నలుపూ ఆ చిన్న చోట ఒకేసారి ఉండొచ్చు. మూడూ మామూలువే కావచ్చు, మూడింటిలో ఒకటి ప్రాణం మీదికి తెచ్చేదీ కావచ్చు. దేన్ని పట్టించుకోనక్కర్లేదో, దేనికి రాత్రికి రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాలో ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ కథనం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీది ఊళ్లు. మూడింటిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఖత్నా అంటారు. తెలుగే ఇంటి భాషగా ఉన్న దూదేకుల ఇళ్లలో సున్తీ అనీ ఒడుగులు అనీ అంటారు. బడులకు ఎండాకాలం సెలవులు ఇచ్చాక, బంధువులంతా దొరికే రోజు చూసుకుని చేయించేవాళ్లుంటారు. కొందరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, కొందరు ఇంటికి వచ్చి చేసేవాళ్లను పిలిపిస్తారు. మతంతో సంబంధం లేకుండా ఈ ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లూ ఉన్నారు. ముందోలు బిగుసుకుపోయి మూత్రం పోసేటప్పుడు అక్కడ బుడగలా ఉబ్బే పిల్లలు, షుగరు వల్ల ముందోలు మాటిమాటికీ పగిలి పుండు పడే పెద్దవాళ్లు. ఇక్కడ రాసింది వాళ్లకూ పనికొస్తుంది.

మొత్తానికి కీలకమైన మాట ఒకటుంది, దాన్ని ముందే చెప్పేస్తాను. రంగు ఒక్కటే చూసి హడలిపోవద్దు, రంగు ఒక్కటే చూసి ధైర్యంగా కూర్చోవద్దు. నిన్నటికీ ఇవాళ్టికీ ఆ రంగు ఎటు పోతోందో చూడండి. మానే పుండులో రంగు రోజురోజుకూ తేలిపోతుంది, ఉన్న చోటే ఉండి తగ్గుతుంది. చెడే పుండులో రంగు ముదురుతుంది, పక్కకు పాకుతుంది, నొప్పినో వాసననో జ్వరాన్నో వెంట తెస్తుంది. కింద చెప్పే ప్రతి దశలోనూ ఇదే కొలత.

ఆపరేషనుకు ముందు

రంగు సంగతి అసలు ఇక్కడే మొదలవుతుంది. ముందు రోజు పిల్లాడికి స్నానం చేయించేటప్పుడు ఆ భాగం మామూలుగా ఏ రంగులో ఉందో తండ్రి ఒకసారి గమనించి పెట్టుకోవాలి. మన ఒంటి చాయల్లో ఆ చోటి చర్మం ఒంటి కంటే ముదురుగా ఉండటం సహజం. లోపలి పొర మాత్రం లేత గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే, ఆపరేషన్ అయ్యాక రెండూ పక్కపక్కన కనిపించినప్పుడు ఏదో తేడా వచ్చిందనిపిస్తుంది.

తర్వాత డాక్టరు పిల్లాణ్ని పడుకోబెట్టి పరీక్షించాలి. మూత్రం వచ్చే రంధ్రం కొన మీద కాకుండా కింది వైపు ఉంటే దాన్ని హైపోస్పాడియాస్ అంటారు. ఆ పిల్లాడికి సున్తీ చేయకూడదు. ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషనుకు ఆ ముందోలే అవసరం పడవచ్చు, కోసి పారేశాక తెచ్చిపెట్టలేం. పుట్టుకతోనే సున్తీ అయిపోయిన బిడ్డ అని కొన్ని ఇళ్లలో సంబరపడతారు. అలా కనిపించే బిడ్డను తప్పనిసరిగా పిల్లల సర్జన్‌కు చూపించండి, ఎందుకంటే చాలాసార్లు దాని వెనక ఉండేది ఈ లోపమే.

రక్తం గురించి అడగాల్సింది తల్లి వైపువాళ్లను. హీమోఫీలియా తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది. మేనమామకు గానీ పెద్దమ్మ, చిన్నమ్మల కొడుకులకు గానీ పన్ను పీకించుకున్నప్పుడు రోజుల తరబడి రక్తం కారిందా? చిన్న దెబ్బకే మోకాలు వాచి కమిలిపోయేదా? ఇదివరకు ఆ ఇంట్లో ఎవరికైనా సున్తీ తర్వాత రక్తం ఆగలేదా? ఇందులో ఒక్కదానికి అవునన్నా, రక్త పరీక్షలు అయ్యేదాకా ఆపరేషన్ మాటెత్తవద్దు. ఈ జాగ్రత్త కొత్తదేం కాదు. ఇద్దరు అన్నలు సున్తీ తర్వాత చనిపోతే మూడో బిడ్డకు చేయకూడదని యూదుల ధర్మశాస్త్రమైన తాల్ముద్‌లో దాదాపు 1,800 ఏళ్ల కిందటి తీర్పు ఉంది. వైద్యశాస్త్రం ఆ జబ్బుకు పేరు పెట్టకముందే ఇళ్లలో దాన్ని గుర్తుపట్టారన్నమాట.

ధనుర్వాతం టీకాలు వయసు ప్రకారం పడ్డాయో లేదో టీకాల కార్డు తీసి చూడండి. ఏ పద్ధతిలో చేస్తారో కూడా అడగండి. కుట్లు వేస్తారా, ప్లాస్టిక్ రింగు వేస్తారా, పెద్దవాళ్లకైతే స్టేప్లరా? పద్ధతిని బట్టి తర్వాత కనిపించే రంగులు మారతాయి. ఒకదానిలో మామూలైన నలుపు ఇంకొకదానిలో ప్రమాదం.

మొదటి రోజు, మొదటి రాత్రి

బల్ల మీద నుంచి దించిన వెంటనే అంగం కొన ఎర్రగా, ఒక్కోసారి కొంచెం ఊదా కలిసిన ఎరుపుగా ఉంటుంది. ఎప్పుడూ కప్పి ఉన్న చర్మం బయటపడింది, చుట్టూ వాపు మొదలైంది కాబట్టి అలా కనిపిస్తుంది. చుట్టూ చర్మం మీద గోధుమ, పసుపు రంగు మరకలు ఉంటే అది చాలావరకు ఆపరేషనుకు ముందు పూసిన బెటాడిన్. కడిగితే పోతుంది. దాన్ని చూసి కామెర్లు అని, చీము అని ఫోన్లు చేసేవాళ్లుంటారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నా.

కట్టు మీద అక్కడక్కడ రక్తపు చుక్కలు కనిపించడం మామూలు. కట్టు తడిసి కారుతుంటే, లేదా చుక్క చుక్కగా ఆగకుండా వస్తుంటే, శుభ్రమైన గుడ్డతో వదలకుండా పది నిమిషాలు మెత్తగా అదిమి పట్టుకోవాలి. మధ్యలో ఎత్తి చూడొద్దు. పది నిమిషాలకూ ఆగకపోతే అదిమి పట్టుకునే ఆసుపత్రికి బయల్దేరాలి. చంటిబిడ్డ ఒంట్లో రక్తమే తక్కువ, పెద్దల కంటికి కొంచెంగా కనిపించేది వాడికి చాలా ఎక్కువ.

ఆ రాత్రి కంటితో చూడాల్సిన అతి ముఖ్యమైన రంగు నీలం. కట్టు బిగుతుగా పడితే కొనకు రక్తం వెళ్లే దారి ఇరుకవుతుంది. కొన మొదట ముదురు ఊదాగా, తర్వాత నీలంగా మారి, ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. పిల్లాడు మూత్రం పోయలేక ఏడుస్తాడు. ఆపరేషన్ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు మూత్రం పోయాలి. పోయకపోయినా, కొన నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకూడదు. చేసిన డాక్టరుకు ఫోన్ చేస్తూనే బయల్దేరండి. కట్టు సడలించి రక్తం తిరిగి పారేలా చేస్తే చాలాసార్లు రంగు కళ్ల ముందే వెనక్కి వస్తుంది. అదే గంటలు గడిస్తే వెనక్కి రాదు.

పాలు తాగే పసికందులకు మత్తు ఇంజెక్షనుకు బదులు మత్తు క్రీము రాస్తే ఇంకో నీలం గురించి తెలిసి ఉండాలి. కొన్ని క్రీముల్లో ఉండే ప్రిలోకైన్ అనే మందు, ముఖ్యంగా మూడు నెలల్లోపు బిడ్డల్లో, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీయగలదు. అప్పుడు నీలం అంగానికే పరిమితం కాదు. పెదాలు, గోళ్లు, నోటి చుట్టూ బూడిద కలిసిన నీలంగా మారతాయి. బిడ్డ నీరసంగా, ఆయాసంగా ఉంటాడు. అరుదైనదే, కానీ నిమిషాల మీద చూడాల్సిన విషయం. దీనికి ఆసుపత్రిలో విరుగుడు మందు ఉంది.

రెండో రోజు నుంచి వారం దాకా

ఇంటివాళ్లు ఎక్కువ బెంబేలెత్తేది ఈ రోజుల్లోనే. ఎందుకంటే ఎక్కువ రంగులు కనిపించేది ఇప్పుడే.

చీర కొనేటప్పుడు దుకాణం గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో రంగు చూస్తాం కదా, ఇక్కడా అంతే. ట్యూబులైటు కింద, ఫోన్ టార్చి కింద ఊదా రంగు నల్లగా, లేత పసుపు చీములా కనిపిస్తుంది. రోజుకు ఒక్కసారి, ఉదయం, కిటికీ దగ్గర, వీలైతే ఒకే మనిషి చూడాలి. వచ్చిన ప్రతి బంధువుకూ లుంగీ ఎత్తి చూపించే అలవాటు మానండి. అది పిల్లాడికి అవమానం, పుండుకు దుమ్ము. ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. డాక్టరు అడిగితే ఆయనకే పంపండి, ఆ తర్వాత ఫోన్లోంచి తీసేయండి.

రెండో రోజు నుంచి కొన కింద చుట్టూ ఉంగరంలా వాపు వస్తుంది. మెరుస్తూ, నీరు పట్టినట్టు లేత గులాబీగా ఉంటుంది. అంగం మొదలు దగ్గర, మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన చోట చర్మం కింద రక్తం చేరి నీలంగానో ఊదాగానో కమిలి ఉండొచ్చు. కొందరికి అది వృషణాల సంచి దాకా జారుతుంది. ఈ కమిలిన రంగు ఒక వరసలో మారుతుంది. ఊదా, ఆ తర్వాత ఆకుపచ్చ కలిసిన రంగు, ఆ తర్వాత పసుపు, వారం నుంచి రెండు వారాల్లో మాయం. ఈ వరసలో పోతుంటే భయం లేదు. వాపు గట్టిపడి, ఉండకట్టి, గంటగంటకూ పెద్దదవుతుంటే లోపల రక్తం ఇంకా కారుతోందని అర్థం. అది డాక్టరు చూడాలి.

ఇక జేజి చీము అన్న పసుపు పొర. కొన మీద, కోసిన గీత మీద రెండో, మూడో రోజు నుంచి పలచగా, పసుపు కలిసిన తెలుపు పొర అంటుకుని ఉంటుంది. ఇది ఒళ్లు తనకు తానే వేసుకునే కట్టు. పుండు మానేటప్పుడు ఊరే రసం, ఫైబ్రిన్ అనే పదార్థం ఆరి అలా అవుతుంది. దాన్ని గుడ్డతో రుద్ది తీసేస్తే కింద రక్తం వస్తుంది, పుండు మళ్లీ మొదటికి వస్తుంది. వదిలేస్తే వారం, పది రోజుల్లో దానంతట అదే పోతుంది. చీముకూ దీనికీ తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. పొర అంటుకుని ఉంటుంది, కారదు, వాసన రాదు, దాని చుట్టూ చర్మం వేడి రోజురోజుకూ తగ్గుతుంది. చీము కారుతుంది, చిక్కగా ఉంటుంది, కంపు కొడుతుంది, చుట్టూ ఎరుపు పెరుగుతుంది.

కుట్ల వెంబడి ముదురు గోధుమ, నలుపు రంగులో చిన్న చిన్న పొక్కులు కడతాయి. ఎండిన రక్తం అది. గోటితో గిల్లొద్దు. కరిగే కుట్లు ఒకటి నుంచి మూడు వారాల్లో వాటంతట అవే రాలిపోతాయి. స్నానం తర్వాత గుడ్డలో నల్లటి దారం ముక్క కనిపిస్తే పుండు విడిపోయిందనుకోవద్దు. గీత విచ్చుకుని లోపలి ఎర్రటి మాంసం కనిపిస్తేనే చూపించాలి.

ప్లాస్టిక్ రింగు వేసిన పిల్లల్లో మాత్రం నలుపు లెక్క వేరు. రింగు మీద బిగించిన దారానికి అవతల మిగిలిన చర్మపు అంచుకు రక్తం అందదు. అది ఎండి, నల్లబడి, సాధారణంగా ఐదు నుంచి పది రోజుల్లో రింగుతో పాటు ఊడి పడుతుంది. అక్కడి నలుపు అలా కావడమే ఆ పద్ధతి. కానీ ఆ నలుపు దారానికి అవతలే ఉండాలి. దారానికి ఇవతల, అంటే ఒంటి వైపు చర్మం నల్లబడినా, రింగు జారి వెనక్కి ఎక్కి కొన ఉబ్బి ఊదాగా మారినా అది అత్యవసరం. పది రోజులు దాటినా ఊడకపోతే లాగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఈ వారమంతా చేయాల్సిన పని తక్కువే. కాచి చల్లార్చిన నీళ్లతో మెత్తగా కడగడం, అద్ది ఆరబెట్టడం, డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ పలచగా పూయడం, వదులైన నూలు బట్ట. నొప్పికి బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మన వైపు ఎండలకు చెమట ఎక్కువ, కాబట్టి గాలి తగిలే గదిలో ఉంచండి. పెనుకొండ బాబయ్య స్వామి దర్గాకు తీసుకెళ్లే మొక్కు ఉంటే పుండు ఆరాక పెట్టుకోండి. బండి మీద ముందు కూర్చోబెట్టుకుని ఘాటు రోడ్డులో కుదుపులు తినిపించడం మొదటి వారంలో వద్దు.

చేయకూడనిది ఒకటే గట్టిగా చెబుతాను. బూడిద, పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు, ఏవీ పూయొద్దు. బూడిదలోనూ మట్టిలోనూ ధనుర్వాతం క్రిములు ఉండొచ్చు, టీకా సరిగా పడని బిడ్డకు అది చావు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ ఆలోచించరు. రంగు చూసి ప్రమాదం గుర్తుపట్టాల్సిన చోట రంగు పూసేస్తే డాక్టరు కూడా ఏమీ చూడలేడు. పసుపు కింద చీము కనబడదు, బూడిద కింద నల్లబడుతున్న చర్మం కనబడదు. పుండు మీద డెట్టాల్ పోయడం కూడా తగదు, లేత చర్మం కాలి ఎర్రగా పొంగుతుంది. దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇంకా ఎక్కువ పోస్తారు.

చెడే రంగులు

మొదటిది పాకే ఎరుపు. గీత చుట్టూ సన్నటి ఎరుపు మూడు, నాలుగు రోజులు ఉండి తగ్గాలి. నాలుగో రోజు నుంచి తగ్గకుండా అంగం మొదలు దాకా, పొత్తికడుపు దాకా పాకుతుంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఇన్‌ఫెక్షన్ ముదురుతోంది. ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో చర్మం మీద గీత గీసి పెట్టండి. కొన్ని గంటల తర్వాత గీత దాటిందా లేదా అన్నదే సమాధానం. ముదురు చాయ ఉన్న పిల్లల్లో ఎరుపు ఎరుపుగా కనబడకపోవచ్చు. ఊదాగా, నిగనిగలాడుతూ, వేడిగా తగులుతుంది. చాయ ముదురుగా ఉన్న పిల్లల విషయంలో ఆలస్యం జరిగేది అందుకే, కాబట్టి కంటితో పాటు చేతినీ నమ్మండి. నెలలోపు పసికందుకు జ్వరం వచ్చినా, పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా పుండు రంగు ఎలా ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది తెలుపు బూడిద రంగు, ఆ తర్వాత నలుపు. కొన పాలిపోయి, బూడిద రంగుకు తిరిగి, స్పర్శ తెలియకుండా, చల్లగా ఉంటే రక్తం అందడం లేదని. తర్వాత అది నల్లబడి ఎండుతుంది. కట్టు, రింగు బిగుతు కావడం ఒక కారణం. రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల కాలడం ఇంకో కారణం. ఒక రకం పరికరంలో కరెంటు ఒంటి గుండా పోతుంది, ఇంత చిన్న అంగానికి అది ప్రమాదం. రెండు మొనల మధ్యే కరెంటు తిరిగే బైపోలార్ రకం క్షేమం. ఏది వాడతారని ఆపరేషనుకు ముందే అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టరు కంటే జవాబు చెప్పే డాక్టరును వెతుక్కోవడం మంచిది.

మూడోది అన్నిటికంటే వేగమైనది. పెద్దవాళ్లలో, ముఖ్యంగా షుగరు అదుపులో లేనివాళ్లలో, చర్మం మసక ఊదాగా, రాగి రంగుగా మారి, కంటికి కనిపించేదానికంటే నొప్పి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండి, కుళ్లు కంపు వచ్చి, వృషణాల సంచి వైపు గంటల్లో పాకే ఇన్‌ఫెక్షన్ ఒకటుంది. చర్మం కింద గాలి బుడగల్లా చిటపటమంటుంది. దీనికి మాత్రలతో పని జరగదు, కుళ్లిన భాగాన్ని వెంటనే ఆపరేషన్ చేసి తీసేయాలి. సిగ్గుతో ఒక్క రోజు దాచిపెట్టినా ప్రాణం పోవచ్చు. షుగరు ఉన్న పెద్దాయనకు ఈ ఆపరేషన్ చేయించే ముందు షుగరు అదుపులోకి తెచ్చుకోవాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

నాలుగోది సున్తీ అయి నెలలు, ఏళ్లు గడిచాక వచ్చేది. పిల్లాడి అంగం కొన ఉన్నట్టుండి వాచి ఊదాగా మారింది, కింద కోసినట్టు సన్నటి గీత ఉంది. తల్లి వెంట్రుక ఒకటి బట్టలోంచో పక్కలోంచో వచ్చి కొన కింది గాడిలో చుట్టుకుని బిగుసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. ముందోలు లేని పిల్లల్లోనే ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ గాడి బయటికి ఉంటుంది. వాపులో వెంట్రుక మునిగిపోయి కనబడదు. పుండనుకుని ఆయింట్‌మెంట్ రాస్తూ కూర్చుంటే వెంట్రుక లోపలికి కోసుకుపోతుంది. చిన్నపిల్లలకు లంగోటీ మార్చేటప్పుడు ఆ గాడిని ఒకసారి చూడటం తల్లులు అలవాటు చేసుకోవాలి.

నెలలు గడిచాక

రెండు, మూడు వారాలకు పైపొర మానుతుంది. లోపలి దాకా ఆరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెద్దవాళ్లు అంతవరకు భార్యాభర్తల కలయికకు దూరంగా ఉండాలి. ఈ దశలో వచ్చే ప్రశ్నలు వేరు. పెద్దయ్యాక చేయించుకున్నవాళ్లు నోరు తెరిచి అడగలేక నెలల తరబడి మనసులోనే కుమిలేవి కూడా ఇవే.

అంగం మీద రెండు రంగులు కనిపిస్తాయి. గీతకు ఇవతల ఒంటి చాయ, అవతల గులాబీ. బయటి చర్మాన్నీ లోపలి పొరనూ కలిపి కుట్టారు కాబట్టి అతుకు దగ్గర రంగు మారుతుంది. అది జబ్బు కాదు, తేడా కొంత తగ్గినా పూర్తిగా పోకపోవచ్చు. అతుకు గీత ఒక్కటే చుట్టూ నల్లటి చారలా మిగలడం మన చర్మాల్లో మామూలు. మానిన పుండు చోట మెలనిన్ ఎక్కువగా చేరుతుంది, మోకాలి దెబ్బ మచ్చ లాగే. ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలానికి తేలికవుతుంది. కొన కూడా మునుపటి తడి మెరుపు పోయి పొడిగా, కొంచెం మసకగా మారుతుంది. బట్టకూ గాలికీ తగులుతూ ఉంటుంది కదా.

ఇలాంటి మచ్చలకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీములు, స్టెరాయిడ్ కలిపిన క్రీములు వాడొద్దని ప్రాధేయపడుతున్నాను. అక్కడి చర్మం పలచన, మందు ఎక్కువగా ఇంకుతుంది. స్టెరాయిడ్‌తో చర్మం ఇంకా పలచబడి, పగిలి, ఎర్రటి నరాలు తేలతాయి. అప్పుడు మొదటి మచ్చే నయమనిపిస్తుంది.

ఒక నల్ల మచ్చను మాత్రం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. రూపాయి బిళ్లలా గుండ్రంగా, ఊదా కలిసిన నలుపుతో, మొదట మంటతో, ఒక్కోసారి బొబ్బతో కొన మీద వచ్చే మచ్చ. మందుబిళ్ల పడకపోవడం వల్ల వచ్చేది ఇది. కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్‌లు, కొన్ని నొప్పి మాత్రలు దీనికి పేరుపడ్డవి. ఆపరేషన్ తర్వాత వేసుకునే మందుల్లోనూ ఇవి ఉంటాయి కాబట్టి అందరూ తప్పును పుండు మీదికి తోస్తారు. గుర్తు ఏమిటంటే, అదే బిళ్ల మళ్లీ వేసుకున్నప్పుడు అదే చోట మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ఇంకాస్త నల్లబడుతుంది. వేసుకున్న మందుల అట్టలన్నీ డాక్టరు ముందు పెట్టండి. ఏ మందో తేలితే దాని పేరు కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి.

చివరగా తెలుపు. పాలలా తెల్లగా, నునుపుగా, గరుకు లేకుండా మచ్చ వస్తే బొల్లి కావచ్చు, చర్మ డాక్టరు చూస్తారు, అంటువ్యాధి కాదు. తెల్లబడిన చోట చర్మం గట్టిపడి, ముడుచుకుని, మూత్ర రంధ్రం చుట్టూ తెల్లటి వలయం కడితే అది లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు కావచ్చు. ముందోలు బిగుసుకుపోవడానికి మొదట ఆ జబ్బే కారణమైన వాళ్లలో ఆపరేషన్ తర్వాత కూడా అది కొన మీద కొనసాగొచ్చు. మూత్రధార సన్నబడిందా, పైకి చిమ్ముతోందా, పిల్లాడు ముక్కుతూ చాలాసేపు నిలబడుతున్నాడా అని చూడండి. రంధ్రం ఇరుకైతే రంగు ఏమీ మారకుండా కూడా ఈ లక్షణాలు వస్తాయి. దాన్ని చిన్న ఆపరేషన్‌తో సరిచేస్తారు. పెద్దవాళ్లలో ఎర్రటి మచ్చ గానీ పుండు గానీ మూడు వారాలు దాటి మానకపోతే, ఏ వయసైనా, ముక్క పరీక్ష దాకా వెళ్లాల్సిందే.

ఎక్కడికి వెళ్లాలి

రక్తం ఆగకపోవడం, కొన నీలం, నలుపు కావడం, మూత్రం రాకపోవడం, పాకే ఊదా రంగు, పసికందుకు జ్వరం. ఈ ఐదింటికి ముందు దగ్గరి ప్రభుత్వాసుపత్రికే వెళ్లండి, పెద్ద ఊరు వెతుక్కుంటూ పోవద్దు. హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. కట్టు సడలించడం, రక్తం ఆపడం, మూత్రానికి గొట్టం వేయడం లాంటి మొదటి పనులు అక్కడే మొదలుపెట్టగలరు. ధర్మవరం వైపువాళ్లకు దగ్గరలోనే బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది. అంతకంటే పెద్ద వైద్యం కావాలంటే అనంతపురం సర్వజన ఆసుపత్రికి పంపుతారు. హిందూపురం వాళ్లు బెంగళూరు దగ్గర కాబట్టి అక్కడి ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఇందిరాగాంధీ సంస్థకూ వెళ్తారు. మూత్రధార, తెల్ల మచ్చ లాంటి నిదానంగా చూపించుకునే వాటికి పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో మూత్రనాళాల విభాగం ఉంది.

డాక్టరు దగ్గర చెప్పాల్సింది నాలుగు మాటలే. ఏ రోజు, ఏ పద్ధతిలో చేశారు, ఏ మందులు వాడారు, రంగు మొదట ఎక్కడ కనిపించి ఎటు పాకింది. ఇంట్లో చేయించారని, బూడిద పూశారని చెప్పడానికి వెనకాడొద్దు. తిట్టినా ఫరవాలేదు, నిజం చెబితేనే సరైన మందు పడుతుంది. రాత్రి పూట బండి దొరకకపోతే 108కు ఫోన్ చేయండి. ఆ అంబులెన్సుకు డబ్బులు కట్టనక్కర్లేదు.